ఆర్వీలో స్ప్రింగ్ బ్రేక్: పది బిందెల నీళ్ళతో పాలో డూరో దాకా

టెక్సస్‌లోని పాలో డూరో కాన్యన్ లోయలో మార్చి స్ప్రింగ్ బ్రేక్ వారానికి ఆర్వీ, అంటే వెనక ఇల్లు కట్టిన బండి, నిలిపే సైటు కావాలంటే అంతకుముందు అక్టోబరులోనే లాప్‌టాప్ ముందు కాసుకుని కూర్చోవాలి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో బుకింగ్ 5 నెలల ముందు తెరుస్తారు. డాలస్ చుట్టుపక్కల చాలా స్కూళ్ళకి సెలవులు ఒకే వారంలో వస్తాయి కాబట్టి కరెంటూ నీళ్ళూ ఉన్న సైట్లు చూస్తుండగానే అయిపోతాయి. సైటు అప్పుడే పట్టేశాం. ఆలస్యమల్లా బండి దగ్గరే అయింది.

ఈసారి మేం ఆరుగురం. మా ఆయన, నేను, ఏడో క్లాసు పెద్దమ్మాయి, రెండో క్లాసు చిన్నోడు, జనవరిలో కనిగిరి నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. మామయ్యకి మోకాళ్ళ నొప్పులు. రోజుకో హోటలు మారుతూ, పెట్టెలు దించుతూ ఎక్కిస్తూ తిరిగే ప్రయాణం ఆయనకు పడదు. టెంటు మాటే ఎత్తకూడదు. అలా ఆర్వీ దగ్గర తేలాం. అద్దె యాప్‌లలో 'ఆరుగురికి సరిపోతుంది' అని రాసిన బళ్ళు బోలెడు కనిపిస్తాయి గానీ ఆ ఆరు పడకల లెక్క. సీటు బెల్టులు ఎన్ని అని అడిగితే నాలుగో అయిదో అంటారు. బెల్టు లేని చోట మనిషిని కూర్చోబెట్టి హైవే మీద తిప్పడం నా వల్ల కాదు. ఆరు పడకలూ ఆరు బెల్టులూ ఉన్న బండి చివరికి ఫిబ్రవరిలో, డెంటన్ దగ్గర ఒక పెద్దాయన ఇంట్లో దొరికింది.

మార్చి 7, శనివారం

తాళాలు తీసుకునే రోజు హడావిడిలో ఏం చెప్పినా బుర్రకెక్కదని వారం ముందే వెళ్ళి చూసొచ్చాం. క్లాస్ సి రకం బండి. ముందు ఫోర్డ్ ఈ-450 వ్యాను, వెనక ఇల్లు, డ్రైవరు నెత్తి మీద అటక లాంటి మంచం. పొడవు 28 అడుగులు, ఎత్తు 11న్నర అడుగులు. నిండా సామానుతో 14,500 పౌండ్లకు మించకూడదు. టెక్సస్‌లో 26,000 పౌండ్ల దాకా మామూలు కారు లైసెన్సే చాలని తెలిసినప్పట్నుంచీ మా ఆయన ఛాతీ కాస్త ముందుకొచ్చింది. స్టీరింగ్ ముందు కూర్చుని అద్దంలో బండి తోక ఎంత దూరాన ఉందో చూసుకున్నాక మళ్ళీ వెనక్కి పోయింది.

ఓనరు అన్నిటికంటే ముందు టైర్లు చూపించాడు. టైరు పక్కన డాట్ అనే మూడక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు అది తయారైన తేదీ. 2322 అంటే 2022లో 23వ వారం. ఆర్వీలు తిరిగే రోజుల కన్నా ఎండలో ఊరికే నిలబడే రోజులే ఎక్కువ. అందుకే పైన అరుగుదల లేకపోయినా రబ్బరు లోపల్లోపల పగుళ్ళు తీస్తుందట. వెనక జంట చక్రాల్లో లోపలి టైరుకి గాలి ఉందో లేదో ఎవరూ చూడరని కూడా సణిగాడు. అద్దెకు తీసుకునేవాళ్ళు పరుపు నొక్కి చూసేముందు ఈ రెండూ చూసుకోవాలి.

మామయ్య ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. వంటగదీ టీవీ ఆయనకు పట్టలేదు. "తూములు ఎక్కడమ్మాయ్?" అన్నారు. ఓనరు పక్కనున్న చిన్న తలుపు తెరిచి వివరించాడు. మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు. సింకులోంచి, షవర్లోంచి పోయే నీళ్ళకి గ్రే ట్యాంకు, 30 గ్యాలన్లు. టాయిలెట్‌కి బ్లాక్ ట్యాంకు, అదీ దాదాపు అంతే. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్ వదలాలి, తర్వాత గ్రే. వెనకొచ్చే సబ్బునీళ్ళు గొట్టాన్ని కడుగుతాయి. సైట్లో ఉన్నన్నాళ్ళూ బ్లాక్ ట్యాంకు మూసే ఉంచాలి. కాస్త తెరిచి ఉంచితే నీరంతా పోయి మిగతాది అడుగున గట్టిపడుతుంది. నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకముందే మామయ్య తలూపారు. "నిండనిచ్చి ఒక్కసారే ఎత్తాలి. సన్నధారగా వదిలితే ఒండ్రు మేట వేస్తుంది. కాలువలకైనా అంతే."

ప్రతి మీటా, ప్రతి మూతా, గ్యాసు కట్టేసే చోటూ ఓనరు గొంతుతో సహా ఫోన్లో వీడియో తీసుకున్నాను. రాసుకున్న కాగితం కన్నా ఇదే అక్కరకొచ్చింది.

మార్చి 8, ఆదివారం

గడియారాలు గంట ముందుకి తిప్పిన రోజు. అందరం ఆలస్యంగా లేచి వంటగదిలో లెక్కలకి కూర్చున్నాం.

40 గ్యాలన్లంటే సుమారు 150 లీటర్లు. అత్తయ్య వెంటనే "పది బిందెలు" అన్నారు. కనిగిరి వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు. ఎండాకాలమైతే ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టి కూర్చోవడం ఆవిడకు అలవాటు. పది బిందెలతో ఆరుగురి సంసారం రెండు రోజులు నడపమంటే ఆవిడ ముఖం మీద గీత కూడా కదల్లేదు. కదిలింది మా పెద్దమ్మాయి ముఖం. మన ఇళ్ళల్లో షవరు నిమిషానికి 2 నుంచి 2.5 గ్యాలన్లు పోస్తుంది. అమ్మాయి తలుపు వేసుకుని ఇరవై నిమిషాలు ఉందంటే ఆ పది బిందెలూ ఒక్క స్నానానికే సరి. పైగా బండిలో వేడినీళ్ళ ట్యాంకు 6 గ్యాలన్లదే.

అసలు చిక్కు అదీ కాదు. సైట్లో కొళాయి ఉంది, గొట్టం తగిలిస్తే ఎన్ని నీళ్ళైనా వస్తాయి. కానీ పాలో డూరో సైట్లలో మురుగు పైపు ఉండదు. మురుగు ట్యాంకులు ఖాళీ చేయడానికి పార్కులో ఒక డంప్ స్టేషన్ ఉంటుంది. అక్కడికి వెళ్ళాలంటే పరిచిందంతా సర్ది, గొట్టాలు విప్పి, బండి కదిలించాలి. అంటే మా వారం మొత్తాన్ని నడిపేది 40 గ్యాలన్ల మంచినీళ్ళ ట్యాంకు కాదు, 30 గ్యాలన్ల గ్రే ట్యాంకు. వచ్చే నీళ్ళకి లోటు లేదు, పోయే నీళ్ళకే చోటు లేదు. ప్యాకింగ్ లిస్టులు రాసేవాళ్ళు దుప్పట్లూ టార్చిలైట్లూ రాసుకుంటూ పోతారు గానీ మొదటి వరసలో రాయాల్సింది ఇది.

"వాడిన నీళ్ళు చెట్టు మొదట్లో పోస్తే పోలా?" అన్నారు అత్తయ్య. పార్కులో నేల మీద పోయకూడదని చెప్తే ఆవిడకు నచ్చలేదు. సబ్బుకీ మెతుకులకీ అడవి జంతువులు క్యాంపు చుట్టూ మరుగుతాయన్నాక "పందికొక్కుల్లాగా" అని ఒప్పుకున్నారు.

సాయంత్రం రిహార్సల్ పెట్టాం. సింకు కింద పైపు విప్పి బకెట్ పెట్టి, ఆరుగురు తిన్న గిన్నెల్లో సగం పెద్దమ్మాయికి, సగం అత్తయ్యకి ఇచ్చాం. అమ్మాయి కొళాయి తిప్పి తోమింది. నాలుగు కంచాలూ రెండు గిన్నెలూ అయ్యేసరికి బకెట్ నిండి పొర్లబోయింది. అత్తయ్య ముందు కంచాలన్నీ పేపర్ టవల్ ముక్కతో పొడిగా తుడిచేశారు. పప్పు అంటిన గిన్నెలో చెంబెడు నీళ్ళు పోసి ఆ నీళ్ళనే గిన్నె నుంచి గిన్నెకి మార్చుతూ నానబెట్టారు. తర్వాత సబ్బుకి ఒక చిన్న టబ్బు, కడగడానికి ఇంకొకటి. చివర్లో చేతివేళ్ళ చివర్లు తాకితే కిర్రుమంటున్నాయి కంచాలు. బకెట్ అడుగున బెత్తెడు నీళ్ళు. చిన్నోడు టేపు తెచ్చి రెండూ కొలిచి అక్కకి వినిపించాడు. ఆ రెండు టబ్బులూ ప్యాకింగ్‌లో మొదట ఎక్కిన సామాను.

ఇంకో సంగతి ఉంది. రాయడానికి మొహమాటమైనా ఆర్వీలో మనవాళ్ళకి మొదట ఎదురయ్యేది ఇదే. టాయిలెట్లో మగ్గుతో ధారాళంగా నీళ్ళు పోసుకుంటే బ్లాక్ ట్యాంకు మూడు రోజులు కూడా ఆగదు. అలాగని నీళ్ళు బొత్తిగా తగ్గిస్తే మామయ్య చెప్పిన ఒండ్రు సమస్య. నొక్కితే ధార వచ్చే అర లీటరు ప్లాస్టిక్ సీసాలు మనిషికొకటి కొన్నాం, మూత మీద పేర్లు రాసి. త్వరగా కరిగే ఆర్వీ టాయిలెట్ పేపరు, ట్యాంకులో వేసే మందు కూడా.

మార్చి 9, 10

కాగితాల పని. మా కారు ఇన్సూరెన్సు అద్దె ఆర్వీకి వర్తించదని ఫోన్లో తేలింది. యాప్ ద్వారా వేరే పాలసీ తీసుకున్నాం. అత్తయ్యవాళ్ళ విజిటర్ మెడికల్ ఇన్సూరెన్సు కార్డులు ఫొటో తీసి అందరి ఫోన్లలో పెట్టాను. లోయలో సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాం. మా కమ్యూనిటీలో ఇంటి ముందు అనుమతి లేకుండా ఆర్వీ నిలపనివ్వరు. ఇళ్ళ యజమానుల సంఘానికి (హెచ్‌ఓఏ) మెయిల్ పెట్టి శుక్రవారం రాత్రికి అనుమతి తెచ్చుకున్నాం.

మార్చి 11, బుధవారం

ఇవాళ కరెంటు. బండిది 30 ఆంప్స్ ప్లగ్గు. 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లన్నమాట. బండి మొత్తానికి అంతే. పైకప్పు ఏసీ నడుస్తుంటే సుమారు 1,500. ఎలక్ట్రిక్ కెటిల్ 1,500. మైక్రోవేవ్ కూడా ఇంచుమించు అంతే లాగుతుంది. ఇన్‌స్టంట్ పాట్ 1,000. పెద్దమ్మాయి హెయిర్ డ్రయ్యర్ 1,800 అని దాని పిడి మీదే రాసుంది. ఏసీ వేసుకుని కాఫీకి నీళ్ళు పెట్టొచ్చు. అదే సమయంలో ఎవరైనా అన్నం వేడి చేసుకుంటే బ్రేకర్ పడిపోతుంది. ఇంటి ముందు మామూలు ప్లగ్గుకి తగిలిస్తే 15 ఆంప్సే, 1,800 వాట్లు. అప్పుడు ఏదైనా ఒక్కటే.

చిన్నోడు ఈ అంకెలన్నీ చార్టు మీద రంగుల్లో రాశాడు, ఫ్రిజ్ తలుపుకి అంటించడానికి. హెయిర్ డ్రయ్యర్ పక్కన పుర్రె బొమ్మ వేశాడు.

కరెంటు లేని చోట ఆగితే లైట్లు, నీళ్ళ పంపు, హీటరు ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. మిగతా వాటికి జనరేటరు. అది బండి పెట్రోలే తాగుతుంది, గంటకి సుమారు అర గ్యాలన్. ట్యాంకు పావు వంతుకి దిగితే దానంతట అదే ఆగిపోతుంది. ఏసీ కోసం పెట్రోలంతా కాల్చి నడిరోడ్డు మీద చిక్కుబడకుండా ఆ ఏర్పాటు. అద్దె ఒప్పందంలో రోజుకి ఇన్ని జనరేటర్ గంటలు, ఇన్ని మైళ్ళు అని ఉంటుంది. దాటితే అదనం.

మార్చి 12, గురువారం

వంటల రోజు. బండి లోపల పోపు పెట్టకూడదని నేను ముందే తీర్మానం చేశాను. ఎండుమిరపకాయ ఘాటుకి స్మోక్ అలారం మోగడం అటుంచి, వాసన వస్తే క్లీనింగ్ చార్జీ వేస్తామని ఒప్పందంలోనే ఉంది. బయట పెట్టుకోవడానికి చిన్న క్యాంపు స్టవ్ ఉంది గానీ మార్చిలో పార్కు దగ్గరి అమరిల్లో ఊరి వైపు గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళెవరూ దాని మీద ఆశ పెట్టుకోరు. కాబట్టి పోపులన్నీ ఇక్కడే. పులిహోర గుజ్జు పోపుతో సహా సీసాలో పెట్టాం, అక్కడ అన్నంలో కలుపుకోవడమే. ఉప్మా రవ్వలో కూడా పోపు వేసి వేయించేశాం, మరిగే నీళ్ళలో పోస్తే చాలు. కందిపొడి, గోంగూర, ఉసిరికాయ పచ్చడి, జంతికలు, సున్నుండలు. చపాతీలు సగం కాల్చి ఫ్రీజర్‌లో పెట్టాం. ఇడ్లీ పిండి వద్దన్నాను. కదిలే బండిలో, పొంగే పిండి! మామయ్య మొహం చిన్నబోయింది గానీ మూత గట్టిగా పెడతామన్నా నేను లొంగలేదు.

ఈసారి ఉగాది సెలవుల్లోనే, 19న వచ్చింది. ఇండియన్ స్టోరులో వేపపువ్వు చిన్న ప్యాకెట్టు, రెండు మామిడికాయలు, కొత్త బెల్లం, మామిడాకులు కొన్నాం. గుడివాళ్ళిచ్చిన పంచాంగం మామయ్య సంచిలో పెట్టుకున్నారు.

మార్చి 13, శుక్రవారం

సాయంత్రం బండి తెచ్చి ఇంటి ముందు నిలిపాం. తాళం చేతికి రాగానే చేసిన మొదటి పని డ్యాష్‌బోర్డు మీద తెల్ల టేపు అంటించి లావు అక్షరాలతో ఎత్తు రాయడం. డ్రైవ్-త్రూలు, చెట్ల కొమ్మలు, బంకు కప్పులు కంటపడ్డప్పుడల్లా అది చూసుకోవాలి. రెండో పని ఫ్రిజ్ వేయడం. ఆర్వీ ఫ్రిజ్ చాలావరకు మన ఇంటి ఫ్రిజ్ లాంటిది కాదు. కంప్రెసర్ ఉండదు, వేడితో నడుస్తుంది, కరెంటు మీదైనా గ్యాసు మీదైనా. చల్లబడ్డానికి గంటలు పడుతుంది, బండి వాలుగా నిలబడితే సరిగ్గా పనిచేయదు. రాత్రే వేసి పొద్దున సామాను పెట్టాలి, అదీ ముందే చల్లబరిచిన సామాను.

సర్దడంలో అత్తయ్యకీ నాకూ చిన్న యుద్ధం. బరువైనవి కిందా, ఇరుసుల దగ్గరా ఉండాలి. ఆవిడేమో పచ్చడి జాడీలు కంటికి కనిపించాలని పై అరల్లో పెడుతున్నారు. మలుపులో ఆ తలుపు తెరుచుకుంటే గోంగూర ఎవరి నెత్తిన పడుతుందో బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. నీళ్ళ ట్యాంకు నింపలేదు, పావు వంతే పట్టాం. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, నింపితే 330 పౌండ్ల పైనే. చేరేచోట కొళాయి ఉండగా అంత బరువు మోసుకెళ్ళడం దేనికి?

పిల్లలు అటక మంచం ఎక్కి కిందికి దిగలేదు. వెనక గది పెద్దవాళ్ళకి. భోజనాల బల్ల దించి పరుపు వేస్తే అది మాకు.

మార్చి 14, శనివారం

పొద్దున్నే బయల్దేరాం. అక్కడి గాలి మధ్యాహ్నం పెరుగుతుంది కాబట్టి తొందరగా దారి తగ్గించుకోవాలని. 380 నంబరు హైవే మీద డెంటన్, డికేటర్, అక్కణ్ణుంచి 287. మా ఆయన గంటకి 60 మైళ్ళు దాటలేదు. ఇంత ఎత్తు బండికి పక్కగాలి తగిలితే లేన్‌లోంచి నెట్టేస్తుంది. పెద్ద ట్రక్కు దాటినప్పుడల్లా ముందు దూరంగా తోసి తర్వాత దగ్గరికి లాగుతుంది. విచిటా ఫాల్స్ దాకా స్టీరింగ్ మీద ఆయన వేళ్ళు తెల్లగానే ఉన్నాయి. గ్యాలన్‌కి 8, 9 మైళ్ళు ఇచ్చింది. వెనక గిన్నెలన్నీ లయ తప్పకుండా మోగుతూ వచ్చాయి. గిన్నెల మధ్య టీ టవల్సు దూర్చాల్సిందని ఆగినప్పుడు అత్తయ్య చెప్పి, తనే దూర్చారు.

ఒకే రోజులో పాలో డూరో చేరొచ్చు గానీ పెద్దవాళ్ళ కోసం సగం దారిలో, క్వానా ఊరికి దక్షిణాన కాపర్ బ్రేక్స్ స్టేట్ పార్కులో రాత్రి మకాం. టెక్సస్ ప్రభుత్వ లాంగ్‌హార్న్ మందలో కొన్ని పశువులు అక్కడుంటాయి. ఆ కొమ్ముల వెడల్పు చూసి మామయ్య "మన ఒంగోలు ఎద్దుకి మూపురం అందం, దీనికి కొమ్ములు" అని తీర్పిచ్చారు. క్వానా అనే పేరు కోమాంచీ నాయకుడు క్వానా పార్కర్‌ది. 1874లో అమెరికా సైన్యం పాలో డూరో లోయలో కోమాంచీ, కయోవా, షయాన్ గుడారాల మీద పడి, వాళ్ళ గుర్రాలు పట్టుకుని వెయ్యికి పైగా కాల్చి చంపింది. గుర్రాలు లేకపోతే ఆ మనుషులకి వేటా లేదు, బతుకూ లేదు. మర్నాడు వెళ్ళబోయేది అక్కడికేనని పెద్దమ్మాయికి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు.

మార్చి 15, ఆదివారం

క్యాన్యన్ అనే ఊరి నుంచి పార్కు దాకా నేల బల్లపరుపు. పత్తి చేలు, గాలిమరలు. లోయ ఉన్నట్టు ఆనవాలే ఉండదు. గేటు దాటాక నేల ఒక్కసారిగా తెగిపోతుంది. 120 మైళ్ళ పొడవు, 800 అడుగుల దాకా లోతు, అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత ఇదే పెద్దదంటారు. దిగే రోడ్డు వాలు 10 శాతం, అంటే నూరడుగులకి పదడుగులు. బరువు బండికి తగ్గట్టు గేర్లు సర్దే టో-హాల్ బటన్ నొక్కి, చిన్న గేరులో, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా అప్పుడప్పుడు నొక్కి వదులుతూ దిగాలి. మా ఆయన నోట మాట లేదు. అత్తయ్య ఆంజనేయ దండకం అందుకున్నారు. ఇటుక ఎరుపు రాతిలో తెల్లటి జిప్సం గీతలు అద్దం పక్కనే జారిపోతుంటే పిల్లలొక్కళ్ళే కేకలు.

అడుగున రోడ్డు రెడ్ రివర్ పాయని అక్కడక్కడా దాటుతుంది. ఈ లోయని తొలిచింది ఆ పాయే. మేం వెళ్ళినప్పుడు టైరు తడిసేంత నీళ్ళే గానీ వాన పడితే ఆ దాట్లు మూసేస్తారు.

సైట్లో మామయ్య రంగంలోకి దిగారు. ప్లాస్టిక్ దిమ్మలు పేర్చి ఒక పక్క టైర్లు వాటి మీదికి ఎక్కించాలి, ఫ్రిజ్ కోసం. స్పిరిట్ లెవెల్ ఆయన చేతిలో ఉంది. "ఒరే, ఎడమ పక్క ఇంకో అంగుళం." బండి ఎక్కింది, దిగింది. "అర అంగుళం ఎక్కువైంది." బుడగ గీతల మధ్య నిలబడేదాకా ఒప్పుకోలేదు. పక్క సైటు ఆయన మడతకుర్చీలో కూర్చుని ఇదంతా చూసి, తన బండికి కూడా ఒకసారి చూడమన్నాడు. మామయ్య వెళ్ళి చూసి, పెదవి విరిచి, రెండు దిమ్మలు మార్పించి వచ్చారు.

మార్చి 16 నుంచి 18

క్యాంప్‌ఫైర్ లేదు. బయట మంట వేయకూడదని బర్న్ బ్యాన్ పెట్టారు. 2024 ఫిబ్రవరిలో ఈ పాన్‌హ్యాండిల్‌లోనే (టెక్సస్ ఉత్తరపు కొస) రేగిన స్మోక్‌హౌస్ క్రీక్ మంటలు పది లక్షల ఎకరాలు పైన తినేశాయి, టెక్సస్ చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు లేదు. ఎండిన గడ్డీ, గాలీ చూశాక ఎవరూ గొణగలేదు. చిన్నోడి మార్ష్‌మెలోలు గ్యాసు పొయ్యి మీద కాలాయి.

రాత్రుళ్ళు చలి గడ్డకట్టే దాకా దిగుతుంది కాబట్టి పడుకునేముందు గొట్టం విప్పి నీళ్ళు కార్చేసేవాళ్ళం. ఆ పావు ట్యాంకు నీళ్ళు రాత్రికి సరిపోయేవి. లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా పిల్లలతో నడిచొచ్చాం. రానూపోనూ ఆరు మైళ్ళ దాకా ఉంటుంది, నీడ లేదు. మేం వచ్చేసరికి అత్తయ్య నీడన కూర్చుని ముగ్గురు పొరుగువాళ్ళకి జంతికలు పెడుతున్నారు. భాష అడ్డం రాలేదు.

స్నానాలన్నీ పార్కు బాత్రూముల్లోనే. బుధవారం రాత్రి గ్రే ట్యాంకు మీటరు సగం దగ్గరే ఉంది.

మార్చి 19, గురువారం

పరాభవ నామ సంవత్సరం. అమావాస్య వెళ్ళిన రాత్రి కావడంతో తెల్లవారుజామున లేచి చూస్తే లోయంతా చీకటి, పైనంతా చుక్కలు. తలుపుకి మామిడాకులు కట్టాం, పక్కనుంచి గాలి రెండు లాక్కుపోయింది. వేపపువ్వు, బెల్లం, చింతపండు రసం, మామిడి ముక్కలు స్టీలు గిన్నెలో కలిపి అత్తయ్య తలా ఒక చెంచా పోశారు. చిన్నోడు చేదు తగలగానే అటక మీదికి పరిగెత్తాడు.

సిగ్నల్ లేదు కాబట్టి యూట్యూబ్ పంచాంగ శ్రవణం లేదు. మామయ్యే బండి మెట్టు మీద కూర్చుని చదివారు. మా ఆయన రాశికి వ్యయం అంకె విని "అది ఆర్వీ బిల్లే, అయిపోయింది, కొట్టేయండి" అన్నాడు ఆయన.

మార్చి 20, శుక్రవారం

శనివారం ఈదురుగాలి హెచ్చరిక ఉందని రేంజరు చెప్పడంతో ఒకరోజు ముందే కదిలాం. డంప్ స్టేషన్ దగ్గర వరస. మా ఆయన రెండు జతల గ్లవ్స్ ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు. గొట్టం సరిగ్గా బిగిసిందో లేదో మామయ్య వంగి చూసి "ఎత్తు" అన్నారు. వెనక బండివాళ్ళు ముక్కు మూసుకునేలోపే పని అయిపోయింది.

రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరాం. మర్నాడు పెట్రోలూ, గ్యాసూ నింపి బండి అప్పగించాం. ఓనరు లోపలికెళ్ళి గట్టిగా గాలి పీల్చి చూసి ఏమీ అనలేదు. మైళ్ళకి మాత్రం కొంత అదనం పడింది. మిగిలిన డిపాజిట్ ఆ వారంలోనే ఖాతాలోకి వచ్చింది.